మేడలు పట్నంలో, పునాదులు పల్లెల్లో

వికారాబాద్ జంక్షన్ దాటాక బీదర్ బండి ప్రధాన మార్గం నుంచి చీలి వాయవ్యానికి తిరుగుతుంది. మర్పల్లి, కోహీర్ దక్కన్ మీదుగా జహీరాబాద్ చేరుతుంది. చిన్నప్పటి నుంచి ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఎక్కే ఊరికీ దిగే ఊరికీ పేరిచ్చిన మనుషులు ఒకే వంశంవాళ్లని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. వికారాబాద్ నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వచ్చింది, జహీరాబాద్ నవాబ్ జహీర్ యార్ జంగ్ పేరు మీద. ఇద్దరూ పాయిగా అమీర్లు. నిజాం సంస్థానంలో నిజాం తర్వాతి అంతస్తు వాళ్లదే.

హైదరాబాదులో ఫలక్‌నుమా చూసి వచ్చినవాళ్లు ఆ ఇంటి షాండ్లియర్ల గురించి చెబుతారు, నూట ఒక్కమంది కూర్చునే భోజనాల బల్ల గురించి చెబుతారు. వింటూ ఉంటే నాకు ఈ రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్న జొన్న చేలు, కంది చేలు కళ్లముందు మెదులుతాయి. ఇంగ్లండు దొరల పల్లెసీమ మేడల తీరులో మన నేల మీద లేచిన ఆ ఇళ్ల చరిత్రను ఇప్పటిదాకా యజమానుల వరసలో చెప్పుకున్నాం: ఎవరు కట్టారు, ఎవరికి అమ్మారు, ఎవరు విడిది చేశారు. ఆ వరస నేనూ చెబుతాను. మధ్యమధ్య మా ఊరి వైపు తిరిగి చూస్తాను, ఎందుకంటే ఆ ఇళ్ల పద్దు ఇక్కడి చేలల్లో మొదలైంది.

పాయిగా అనే పారశీక మాటకు గుర్రపుసాల అనీ, హోదా అనీ అర్థాలున్నాయి. ఈ వంశం చరిత్రలో రెండూ ఉన్నాయి. రెండో నిజాం అలీఖాన్ కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ అనే సేనాని నిజాం సొంత అశ్వదళాన్ని పోషించే బాధ్యత తీసుకున్నాడు. షంస్-ఉల్-ఉమ్రా బిరుదు ఆయనతోనే మొదలైంది. గుర్రాలకు దాణా కావాలి, రౌతులకు జీతాలు కావాలి. ఖజానా నుంచి నగదు ఇవ్వడం కంటే ఊళ్లకు ఊళ్లే రాసిచ్చి, శిస్తు మీరే వసూలు చేసుకోండి అనడం ఆనాటి పద్ధతి. అలా వచ్చిన ఊళ్లు తరాలు గడిచేకొద్దీ పెరిగాయి. నిజాం ఆడపడుచులు ఈ ఇంటికి కోడళ్లుగా వచ్చారు, కట్నకానుకలతో హోదా ఇంకా పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పాయిగా జాగీర్లు మొత్తం 4,000 చదరపు మైళ్లకు పైగా ఉన్నాయి. ఇంగ్లండులో ఏ ప్రభువుకూ అంత నేల లేదు.

అయితే మేడల కథ పాయిగాలతో మొదలుపెట్టడానికి లేదు. హైదరాబాదుకు ఆ అచ్చును తెచ్చినవాడు ఒక తెల్లదొర. జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా ఈస్టిండియా కంపెనీ తరఫున హైదరాబాదులో రెసిడెంటు. మూసీ ఒడ్డున, పట్నం గోడలకు అవతల, కోఠీలో ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. దానికి సుమారు 60 ఎకరాలు అడుగుతూ పెద్ద కాగితం మీద నక్షా గీయించి నిజాం అలీఖాన్ ముందు పెట్టాడట. నిజాం కుదరదన్నాడు. ఎందుకని తర్వాత విచారిస్తే తెలిసిందేమంటే, తన రాజ్యం పటాలు ఎప్పుడూ అంత పెద్ద కాగితాల మీదే చూసిన నిజాం, ఈ దొర రాజ్యమంత నేల అడుగుతున్నాడని బెదిరిపోయాడని. కిర్క్‌పాట్రిక్ అదే నక్షాను చిన్న అట్టముక్క మీద మళ్లీ గీయించి తీసుకెళ్లాడు. ఈసారి నిజాం సంతోషంగా ఒప్పుకున్నాడు. సర్ జాన్ మాల్కం చెప్పిన ముచ్చట ఇది. ముసలి నిజాం అమాయకత్వానికి ఉదాహరణగా దీన్ని చెప్పి నవ్వుకునేవాళ్లను చూశాను. నాకు నవ్వు రాదు. ఆ నక్షాను చూసి భయపడటంలో నిజామే సరిగ్గా ఆలోచించాడు. అర్ధశతాబ్దం గడిచాక, 1853లో, సేనల బాకీ పేరు చెప్పి బేరార్, ధారాశివ్, రాయచూర్ దోఆబ్‌లను కంపెనీ చేతిలో పెట్టించుకుంది అదే ఇంటి కొలువు.

1803లో పని మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నక్షా ఇచ్చాడు. ఖర్చు నిజాం ఖజానా నుంచే వచ్చింది. ముందుభాగంలో ఆరు కొరింథియన్ స్తంభాలు, వాటి తలల చుట్టూ ఆకుల చెక్కడం, పైన త్రికోణపు ముఖంలో కంపెనీ రాజచిహ్నం, కింద వెడల్పాటి మెట్లు, మెట్లకు రెండు వైపులా రెండు సింహాలు. ఈ పోలిక ఎక్కడిదంటే చాలా దూరం వెళ్లాలి. ఇటలీలోని విచెంజా ప్రాంతంలో ఆండ్రియా పల్లాడియో అనే శిల్పి పదహారో శతాబ్దంలో భూస్వాములకు పొలాల మధ్య ఇళ్లు కట్టాడు. గుడికి ఉండాల్సిన స్తంభాల మండపాన్ని తెచ్చి ఇంటి ముంగిట నిలబెట్టడం ఆయన పద్ధతి. 1570లో అచ్చయిన ఆయన పుస్తకాలు ఇంగ్లండు చేరాక అక్కడి ప్రభువులు ఆ ముంగిలికి మోజుపడ్డారు. డెర్బీషైర్‌లో కర్జన్ వంశంవాళ్ల కెడిల్‌స్టన్ హాల్ ఆ మోజుకు పండిన పంట. 1803లో పూర్తయిన కలకత్తా గవర్నమెంట్ హౌస్‌కు ఆ కెడిల్‌స్టనే నమూనా. అదే ఏడాది కోఠీలో పునాదులు తవ్వారు. తర్వాత వందేళ్లకు కెడిల్‌స్టన్ వారసుడు కర్జన్ వైస్రాయిగా వచ్చి కలకత్తాలో తన తాతల ఇంటి నకలులోనే కాపురం చేశాడు. 1902లో హైదరాబాదు వచ్చి, బేరార్‌ను శాశ్వత కౌలుకు ఇచ్చేలా ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ను ఒప్పించినదీ ఆయనే.

కోఠీ మేడను దగ్గరికి వెళ్లి చూడాలి. దూరానికి ఆ స్తంభాలు పాలరాయిలా ఉంటాయి. లోపల ఉన్నది ఇటుక, పైన ఉన్నది సున్నం. ఇంగ్లండులో అయితే రాతితో చెక్కించేవాళ్లు. ఇక్కడ మన ఉప్పరి మేస్త్రీలు గానుగలో రోజుల తరబడి నూరిన సున్నాన్ని పూతలు పూతలుగా వేసి, ఆరక ముందే నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు తెచ్చారు. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలపడం మన ప్రాంతపు పాత పని. ఎక్కడైనా పాత గచ్చు పెచ్చు ఊడినచోట వేలితో తడిమి చూడండి, పూతకూ పూతకూ మధ్య సన్నని గీతలు తగులుతాయి. ఇటలీ శిల్పి ఊహను ఇంగ్లండు ఇంజనీరు గీస్తే, దాన్ని నిలబెట్టింది బెల్లం, కరక్కాయ, ఆ మేస్త్రీల అరచేతులు. ఏ శిలాఫలకం మీదా వాళ్ల పేర్లు లేవు.

కిర్క్‌పాట్రిక్‌కు ఆ ఇంట్లో కాపురం చేసే రాత లేకపోయింది. హైదరాబాదు కులీన కుటుంబపు పిల్ల ఖైరున్నిసాను ఇస్లాం పద్ధతిలో పెళ్లి చేసుకున్నందుకు గవర్నర్ జనరల్ వెలస్లీ ఆయన మీద విచారణ నడిపించాడు. ఆమె కోసం కిర్క్‌పాట్రిక్ కోఠీ తోటలో వేరే జనానా కట్టించాడు, దాన్ని రంగ్ మహల్ అనేవాళ్లు. పరదా దాటి బయటికి రాలేని ఇల్లాలికి పెద్దింటి రూపురేఖలు చూపించడానికి, దాని చిన్న ప్రతిరూపాన్ని జనానా తోటలో కట్టించాడని అంటారు. 1805లో ఇద్దరు పిల్లలను చదువులకని ఓడెక్కించి ఇంగ్లండు పంపాడు. అదే అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు. పిల్లలు మళ్లీ తల్లిని చూడలేదు. ఖైరున్నిసా 1813లో కన్నుమూసింది. రంగ్ మహల్ తర్వాత నేలమట్టమైంది. ఇంత పెద్ద కట్టడం చరిత్రలో ఎన్ని సంధిపత్రాల ముచ్చట చదివినా, ఆ తోటలో ఒంటరిగా మిగిలిన తల్లి దగ్గరే నా మనసు ఆగుతుంది.

రెసిడెన్సీ నీడలోనే విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారపు కోఠీ పెరిగింది. నిజాం సర్కారుకు హెచ్చు వడ్డీకి అప్పులిచ్చింది. మెట్కాఫ్ రెసిడెంటుగా ఉండగా ఆ బాగోతం బయటపడింది. బాకీ తీర్చడానికి 1823లో నిజాం వదులుకున్నదేమిటో తెలుసా? ఉత్తర సర్కారుల మీద, అంటే గోదావరి, కృష్ణ, గుంటూరు ప్రాంతాల మీద, కంపెనీ తనకు ఏటా కట్టాల్సిన పేష్కష్‌ను. తెలుగు నేల రెండు ముక్కలైన కథలో చివరి ముడి కూడా అలా ఒక అప్పు పత్రంతోనే తెగింది.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు, పట్నం జనం కోఠీ మీద దాడి చేశారు. ఆ రాత్రి ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్ చెర నుంచి తప్పించుకున్నా 1859లో తూప్రాన్ దగ్గర చంపేసి, శవాన్ని పట్నం తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆ తర్వాత కోఠీ చుట్టూ గోడలు ఇంకా గట్టిపడ్డాయి. పల్లెసీమ మేడ అనే తీరుకు ఇంగ్లండులో గోడలు అడ్డుండవు, చుట్టూ పచ్చికబయళ్లు కనుచూపుమేర సాగుతాయి. ఇక్కడ అదే మేడకు కోట కావాల్సి వచ్చింది.

పాయిగా అమీర్లు ఈ ముంగిలిని రోజూ చూశారు. రెండో షంస్-ఉల్-ఉమ్రా ఫఖ్రుద్దీన్ ఖాన్ మాత్రం యూరపు నుంచి స్తంభాల కంటే ముందు శాస్త్రాన్ని తెచ్చుకున్నాడు. అచ్చుయంత్రం పెట్టి, ఇంగ్లిషు, ఫ్రెంచి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశాడు. బడి పెట్టాడు. ఉర్దూలో ఆధునిక విజ్ఞానం మాట్లాడటం ఈ దక్కన్‌లో అంత ముందే మొదలైందంటే ఆయన పుణ్యం. పాయిగాలందరిలోనూ నాకు ఎక్కువ గౌరవం ఆయన మీదే. జాగీరు రాబడిలో ఒక వంతు పుస్తకాల మీద పెట్టిన ప్రభువులు మన చరిత్రలో వేళ్ల మీద లెక్కించదగినంత మంది.

ఆయన మనవల తరంలో వంశం మూడు పాయలైంది: అస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికార్-ఉల్-ఉమ్రాయీ. ముగ్గురు అమీర్లు, మూడు జాగీర్లు, మూడు కొలువులు. ఇళ్ల పోటీ మొదలైంది. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడిని చూడండి, ఎత్తయిన స్తంభాల వరస చూస్తే కోఠీకి తమ్ముడిలా ఉంటుంది. అస్మాన్ జా బషీర్‌బాగ్ ప్యాలెస్ కట్టాడు, మలక్‌పేట దగ్గర గుట్ట మీద 1885లో అస్మాన్‌గఢ్ కట్టాడు. అస్మాన్‌గఢ్‌ది వేరే దారి. స్తంభాలు, త్రికోణ ముఖాలు లేవు. నల్లరాతి గోడలు, బురుజులు, కోసుగా వంగిన కిటికీ కమానులు. ఇంగ్లండులో అప్పటికి గాథిక్ మోజు నడుస్తోంది, అది ఇక్కడి గుట్ట మీదికి వచ్చింది. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి నిజాం తరఫున లండన్ వెళ్లింది ఈ అస్మాన్ జానే. అదే ఏడాది దివాన్ అయ్యాడు, 1893 దాకా ఉన్నాడు. మా జహీరాబాద్ ప్రాంతం ఈ పాయ కిందిదే.

ఇక ఫలక్‌నుమా.

అస్మాన్ జా పినతండ్రి కొడుకు, వయసులో చాలా చిన్నవాడు వికార్-ఉల్-ఉమ్రా. 1884 మార్చి 3న చార్మినార్‌కు దక్షిణాన కొండ మీద శంకుస్థాపన చేశాడు. నక్షా విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిషు వాస్తుశిల్పిది. కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పైనుంచి చూస్తే రెండు కొండీలు చాచి, తోక వెనక్కి పెట్టిన తేలు ఆకారం. ముందుభాగం అచ్చంగా ఇంగ్లిషు ప్రభువు ఇల్లు. వెనక, తేలు తోక వైపు, గోల్ బంగ్లా, జనానా మహల్. యూరపు మర్యాదలు ముంగిట, దక్కన్ కుటుంబం పెరట్లో. గ్రంథాలయం కప్పు విండ్సర్ కోటలోని దాని తీరున చెక్కించారు. మెట్లు పాలరాయివి, పక్కన దీపాలు పట్టుకున్న పాలరాతి బొమ్మలు. గోడల మీద, కప్పుల మీద, సామాన్ల మీద వికార్-ఉల్-ఉమ్రా పేరులోని ఇంగ్లిషు అక్షరాలు రెండు మెలివేసుకుని కనిపిస్తాయి. ఇల్లు చేతులు మారినా ఆ అక్షరాలు పోలేదు.

చేతులు మారడం త్వరగానే వచ్చింది. ఖర్చు 40 లక్షలు అయిందని చెబుతారు. అంత పెద్ద జాగీరు కూడా మోయలేనంత అప్పు. వికార్-ఉల్-ఉమ్రా బేగం స్వయంగా నిజాం తోబుట్టువు. ఆ వరసను అడ్డం పెట్టుకుని నిజాంను విందుకు పిలవమని ఆమే ఉపాయం చెప్పిందంటారు. మహబూబ్ అలీ పాషా వచ్చాడు, ఇల్లు నచ్చింది, ఉండటం ఒక రోజు నుంచి చాలా రోజులకు సాగింది. ఇల్లు తమరిదే అని అమీర్ నజరానాగా సమర్పించాడు, నిజాం విలువ కట్టి సొమ్ము ఇప్పించాడు. 1897లో ఫలక్‌నుమా నిజాందయింది. కట్టినవాడు కొత్త ఇంట్లో ఉన్నది కొద్ది ఏళ్లే. 1893 నుంచి 1901 దాకా దివానుగా చేసి, 1902లో కాలం చేశాడు. బేగంపేటలో ఇప్పుడు పాయిగా ప్యాలెస్ అని పిలిచే ఇల్లు, స్పెయిన్ తీరు మసీదు ఆయన చివరి దశ కట్టడాలే. ఇల్లు పోయిందన్న దిగులును ఇంకో ఇల్లు కట్టి తీర్చుకున్న మనిషిలా అనిపిస్తాడు నాకు.

మహబూబ్ అలీ పాషా 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత ఉస్మాన్ అలీఖాన్ దాన్ని రాజ అతిథులకే కేటాయించాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ విడిది చేసి వెళ్లాక తలుపులు దాదాపుగా మూతపడ్డాయి.

ఇప్పుడు మా వైపు. జహీరాబాద్ ప్రాంతానిది రెండు రంగుల నేల. కొంత దూరం నల్లరేగడి, కొంత దూరం బీదర్ పీఠభూమి ఎర్రమట్టి, గడ్డపార దిగని ఎర్ర జేగురు రాయి. వానాకాలం కంది, పెసర, మినుము, యాసంగికి తెల్లజొన్న, శనగ. మనుషుల నోళ్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, లంబాడీ కలగలిసి ఉంటాయి. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడిపోయినప్పుడు మెదక్‌లో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా.

పాయిగా ఊళ్లకూ దీవానీ ఊళ్లకూ రైతు బతుకులో ఒక తేడా ఉండేది. దీవానీ అంటే నేరుగా నిజాం సర్కారు పాలన. సాలార్ జంగ్ కాలం నుంచి అక్కడ భూమి కొలతలు, శిస్తు నిర్ణయాలు, జిల్లా అధికారులు వచ్చారు. పాయిగాలకు తమ సొంత తహసీల్దార్లు, సొంత కచేరీలు, సొంత కోర్టులు, సొంత పోలీసు. రైతుకు అన్యాయం జరిగితే ఫిర్యాదు చేసుకోవలసిందీ దస్తు వసూలు చేసే ఆ కచేరీలోనే. మా నాయనమ్మకు తన అత్తగారి నోట విన్న మాటలుండేవి. పంట కళ్లం మీద ఉండగానే పట్వారీ, ఊరి బంట్రోతు సేతుసింది వచ్చి కూర్చునేవాళ్లని, రాశికి ముద్ర వేసేవాళ్లని, దస్తు చెల్లి ముద్ర తీసేదాకా ఆ జొన్నలు ముట్టుకోవడానికి లేదని చెప్పేది. "మన గింజలే బిడ్డా, మనమే చూసుకుంట కూసునేది" అనేది. పందులు, పిట్టలు రాకుండా రాత్రంతా కాపలా కాయాల్సిందీ రైతే.

ఆ రాశి నుంచి ఫలక్‌నుమా గాజు షాండ్లియర్ దాకా దారి ఏమంత పొడవు కాదు. కళ్లం నుంచి తాలూకా కచేరీకి, అక్కడి నుంచి బండ్ల మీద, తర్వాత రైలులో పట్నం దేవిడీకి, దేవిడీ నుంచి హుండీ రూపంలో బొంబాయికి, అక్కడి నుంచి ఇంగ్లండు దుకాణానికి. ఆ షాండ్లియర్ తిరిగి ఓడలో వచ్చి, కొండ ఎక్కింది. వికార్-ఉల్-ఉమ్రా ఇంటికి వికారాబాద్ వైపు ఊళ్లు, అస్మాన్ జా ఇంటికి మా ఊళ్లు. అమీర్లందరూ క్రూరులని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, దాతలు, ఆటలను పోషించినవాళ్లు ఉన్నారు. అస్మాన్ జా కొడుకు మొయిన్-ఉద్-దౌలా పేరు మీద 1930-31లో మొదలైన గోల్డ్ కప్ క్రికెట్ పోటీ ఇప్పటికీ నడుస్తోంది. ఆ మొయిన్-ఉద్-దౌలా కొడుకే జహీర్ యార్ జంగ్, మా ఊరి పేరు. కానీ దానం చేసిన చేయి ఎవరిదో గుర్తుపెట్టుకున్న చరిత్ర, ఆ చేతికి సొమ్ము ఎక్కడిదో కూడా రాసుకోవాలి.

ఇంగ్లండులో ఈ మేడలు కూలడం ఇక్కడివి లేస్తున్న రోజుల్లోనే మొదలైందని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. 1870ల నుంచి అమెరికా గోధుమలు చవగ్గా ఓడల్లో దిగాయి. ఇంగ్లండు పొలాల కౌళ్లు పడిపోయాయి. కౌలు మీద బతికే మేడలకు ఊపిరి తగ్గింది. 1894లో చనిపోయినవారి ఆస్తి మీద పన్ను వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి, ఆ వెంటనే కొడుకు పోయిన ఇళ్లు రెండుసార్లు ఆ పన్ను కట్టాల్సి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో వెయ్యికి పైగా మేడలు పగలగొట్టారు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ పోయిన ఇళ్ల మీద పెట్టిన ప్రదర్శన జనాన్ని కదిలించింది. కొన్నింటిని నేషనల్ ట్రస్ట్ కాపాడింది. కర్జన్ల కెడిల్‌స్టన్ కూడా 1987లో ట్రస్టుకు చేరింది. అక్కడ మేడను పడగొట్టింది పన్ను, మార్కెట్టు. ఇక్కడ పని ఒక్క చట్టంతో అయింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా వచ్చింది. 16న తెల్లవారుజామున జహీరాబాద్ వైపు కదిలింది, దారిలో మందుపాతరలు అడ్డం పడి నెమ్మదించింది. మర్నాడు నిజాం లొంగిపోయాడు. ఏడాది తిరక్కుండా 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. సంస్థానంలో దాదాపు మూడో వంతు నేల జాగీర్ల కింద ఉండేది. పాయిగా ఊళ్లూ అందులోనే పోయాయి. నష్టపరిహారం కొన్నేళ్లు వాయిదాల మీద వచ్చింది. వారసులు పెరిగారు, వాటాలు తరిగాయి, పైకప్పుల మరమ్మతుకు కూడా చాలలేదు. శిస్తు ఆగిన రోజునే ఆ ఇళ్ల ఆయువు తీరిపోయింది.

తర్వాత ఒక్కో ఇంటిది ఒక్కో దారి. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఆనవాలు లేదు, పేటకు పేరు మిగిలింది. అస్మాన్‌గఢ్‌లో కొంతకాలం పురావస్తు మ్యూజియం నడిచింది, తర్వాత బడి వచ్చింది. ఖుర్షీద్ జా దేవిడి దశాబ్దాల పాటు శిథిలమైంది, గచ్చు ఊడి ఇటుకలు బయటపడిన స్తంభాల కింద పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. బేగంపేట పాయిగా ప్యాలెస్‌లో నగరాభివృద్ధి సంస్థ ఉండేది, తర్వాత 2023 దాకా అమెరికా కాన్సులేట్. ఫలక్‌నుమాను తాజ్ హోటళ్లవాళ్లు కౌలుకు తీసుకుని, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో పదేళ్ల పాటు బాగుచేయించి 2010 నవంబరులో తెరిచారు. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలోని పాయిగా సమాధులు మాత్రం నాకు ఈ ఇళ్లన్నింటికంటే అందంగా కనిపిస్తాయి. అక్కడ ఇంగ్లండు లేదు. సున్నంతో పోసిన లతలు, ఒక్కో కమానుకు ఒక్కో జాలీ పని, దక్కన్ మేస్త్రీ చేయి తనకు నచ్చినట్టు ఆడిన చోటు.

కోఠీ దారి అన్నింటికంటే వేరు. 1924లో నాంపల్లిలో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో, జాగీర్లు పోయిన ఏడాదే, రెసిడెన్సీలోకి మారింది. రెండు తరాల తెలంగాణ ఆడవాళ్లు ఆ స్తంభాల మధ్య చదువుకున్నారు. మా ఊరి నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒకావిడ నాకు చెప్పింది, దర్బారు హాలులో కప్పు కారే చోట బకెట్లు పెట్టి, వాటి పక్కనే పరీక్షలు రాశామని. 2002లో ప్రపంచ కట్టడాల నిధి దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాక మెల్లగా మరమ్మతులు మొదలయ్యాయి. ఇరవై ఏళ్లు పట్టింది. పాత గచ్చు తీరుకే సున్నం మళ్లీ నూరించారు. 2022లో కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

పాలకుర్తిలో నాలుగెకరాల పొలం పంట ఇంటికి చేర్చుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను ఎదుర్కొన్న ఐలమ్మ. కళ్లం మీది రాశి తనదేనని నిలబడిన మనిషి. ఆమె పేరున్న బోర్డు ఇప్పుడు, నిజాం పెద్ద కాగితం చూసి బెదిరిపోయిన ఆ నేల గేటు మీద ఉంది. మొన్న మా మేనకోడలు దరఖాస్తు పూరిస్తూ, ఆ పేరు కింద తన ఊరు జహీరాబాద్ అని రాసింది. నాయనమ్మ ఉంటే ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసేది. ఆమెకు చదువు రాదు. అయినా చూసేది.